ఉద్యోగం ముగిసినప్పుడు, ఊరు మారినప్పుడు

ఈ నెల మాకు చేరిన ఉత్తరాల్లో చాలావరకు జీవితంలో వచ్చిన ఏదో ఒక మార్పు గురించినవే. వాటిలో నాలుగింటికి ఇక్కడ జవాబు ఇస్తున్నాం. ఉత్తరాలను కొంత కుదించాం, రాసినవారిని గుర్తుపట్టేందుకు వీలిచ్చే వివరాలను తీసివేశాం.

ప్రశ్న: మావారు ప్రధానోపాధ్యాయులుగా పనిచేసి, 62 ఏళ్లు నిండడంతో గత వేసవిలో రిటైరయ్యారు. సన్మానాలు, శాలువాలు, ఫొటోలు అయ్యాక కొన్నాళ్లు బాగానే ఉన్నారు. ఇప్పుడు ఉదయం ఎనిమిదిన్నరకల్లా ఇస్త్రీ చొక్కా వేసుకుని, జేబులో పెన్ను పెట్టుకుని వరండాలో కూర్చుంటారు. ఎక్కడికీ వెళ్లరు. కాసేపటికి వంటింట్లోకి వచ్చి పోపుల డబ్బాలో ఆవాలు ఏ గిన్నెలో ఉండాలో నాకు చెబుతారు. నేను ఏమైనా అంటే కోపం, ఆపైన రోజంతా మౌనం. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తోందని మందుల షాపులో అడిగి నిద్రమాత్రలు తెచ్చుకుని రెండు నెలలుగా వేసుకుంటున్నారు. ఇంతలో హైదరాబాదులో ఉన్న మా అబ్బాయి, ఇల్లు అమ్మేసి తన దగ్గరకు వచ్చేయమన్నాడు. ఈయన సరేనన్నారు. ఇది వయసు వల్ల వచ్చినదా, జబ్బా? ఇల్లు అమ్మడం మంచిదేనా?
– పేరు వద్దన్న పాఠకురాలు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: అమ్మా, ముందు ఇంటి సంగతి చెబుతాను. మీరు రాసినవాటిలో ఒకసారి చేశాక మళ్లీ సరిదిద్దుకోలేని పని అదొక్కటే. ఇప్పుడు అమ్మకండి. కనీసం ఒక ఏడాది ఆ మాట వాయిదా వేయండి.

కారణం ఇది. థామస్ హోమ్స్, రిచర్డ్ రాహీ అనే ఇద్దరు అమెరికా మనోవైద్యులు, మనిషి తన జీవితాన్ని కొత్తగా సర్దుకోవలసి వచ్చే 43 సందర్భాలను తీసుకుని, ఏది ఎంత సర్దుబాటు కోరుతుందో మార్కుల రూపంలో చెప్పే ఒక పట్టికను 1967లో ప్రచురించారు. అందులో జీవిత భాగస్వామి మరణానికి 100 మార్కులు, పదవీ విరమణకు 45, జీవన పరిస్థితులు మారడానికి 25, ఇల్లు మారడానికి 20, నిద్ర అలవాట్లు మారడానికి 16 ఉన్నాయి. అది అమెరికా పట్టిక, ఆ కాలపు పట్టిక కాబట్టి అంకెలను మన ఇళ్లకు యథాతథంగా అన్వయించలేము. పుట్టి పెరిగిన ఊరిని వదిలిపెట్టడం 20 మార్కుల పని అంటే మన వైపు పెద్దవాళ్లెవరూ ఒప్పుకోరు. అయితే అందులోని అసలు విషయం ఇప్పటికీ నిలిచే ఉంది: మార్పులు వేటికవి విడిగా ఉండవు, ఒక ఏడాదిలో వచ్చినవన్నీ ఒకదాని మీద ఒకటి పోగవుతాయి. మీవారు ఇంకా మొదటి దానినే మోస్తున్నారు. దాని మీద ఊరు, ఇల్లు, ఇరుగుపొరుగు, రోజూ పలకరించే మనుషులు అన్నీ ఒకేసారి పోవడం మంచిది కాదు.

మీ అబ్బాయి ప్రేమతోనే పిలిచాడు, ఆ పిలుపును కాదనవలసిన పని లేదు. ఇంటికి తాళం వేసో, ఒక వాటా అద్దెకు ఇచ్చో, రెండు మూడు నెలలు వెళ్లి ఉండి చూడండి. పండగకు నాలుగు రోజులు వెళ్లినప్పుడు కనిపించే హైదరాబాదు వేరు; కొడుకూ కోడలూ ఆఫీసుకు, పిల్లలు బడికి వెళ్లిపోయాక ఎక్కడో పై అంతస్తులోని ఫ్లాటులో మీరిద్దరే మిగిలిపోయే హైదరాబాదు వేరు. ఆ రెండోది మీ ఇద్దరికీ సరిపడుతుందని తేలితే అప్పుడు అమ్మకం గురించి మాట్లాడుకోవచ్చు.

ఇక నిద్రమాత్ర. ఆల్‌ప్రజోలం వంటి మాత్రలు మందుల అమ్మకపు నిబంధనల్లోని షెడ్యూల్ హెచ్1 అనే జాబితా కిందకు వస్తాయి; డాక్టరు చీటీ లేకుండా వాటిని అమ్మకూడదు, అమ్మినప్పుడు ఎవరికి అమ్మిందీ షాపువారు విడిగా రిజిస్టరులో రాసి ఉంచాలి. అడిగినవారికల్లా ఇచ్చే షాపులు మన ఊళ్లలో ఉన్నాయన్నది అందరికీ తెలిసిన సంగతే. ఈ మాత్రలను వారాల తరబడి వాడితే శరీరం వాటికి అలవాటు పడుతుంది, పెద్ద వయసులో రాత్రి లేచినప్పుడు తూలి పడే ప్రమాదం పెరుగుతుంది, మతిమరుపు కూడా తోడవుతుంది. అలాగని రేపటి నుంచి ఒక్కసారిగా మాన్పించవద్దు. రెండు నెలలుగా రోజూ వేసుకుంటున్న మాత్రను హఠాత్తుగా ఆపితే నిద్ర మరింత చెడుతుంది, ఆందోళన, వణుకు, అరుదుగా ఫిట్స్ కూడా రావచ్చు. ఆ మాత్రల అట్టను చేతిలో పట్టుకుని డాక్టరు దగ్గరకు వెళ్లండి. ఎంత మోతాదును ఎన్ని వారాల్లో తగ్గించాలో ఆయన చెబుతారు. పనిలో పనిగా రక్తపోటు, షుగరు, థైరాయిడ్, హిమోగ్లోబిన్, విటమిన్ బి12 పరీక్షలు చేయించండి. థైరాయిడ్ మందగించినా, బి12 తగ్గినా మనిషి నీరసంగా, చిరాకుగా, ఏ ఉత్సాహమూ లేకుండా తయారవుతాడు. దాన్ని మనసు జబ్బు అనుకుని ఏళ్లు గడిపినవారు ఉన్నారు.

నిద్ర విషయంలో పడుకునే వేళ కంటే లేచే వేళ ముఖ్యం. రాత్రి ఎలా గడిచినా ఉదయం ఒకే సమయానికి లేవాలి, లేచాక అరగంటైనా ఎండ తగిలేలా నడవాలి. మధ్యాహ్నం కునుకు అరగంట దాటకూడదు. కాఫీలోని కెఫీన్ సగం కరగడానికే సుమారు అయిదు గంటలు పడుతుంది కాబట్టి సాయంత్రపు కాఫీని మధ్యాహ్నం రెండు మూడింటికి జరపాలి. మూడింటికి మెలకువ వచ్చి పావుగంట, ఇరవై నిమిషాలైనా నిద్ర పట్టకపోతే పక్క మీద దొర్లకుండా లేచి, ఫోన్ ముట్టుకోకుండా, చిన్న వెలుతురులో కూర్చుని కళ్లు బరువెక్కాకే మళ్లీ పడుకోవాలి. ఇవి మొదటి వారం కష్టంగా ఉంటాయి, కొన్ని వారాలు పట్టుదలగా చేస్తేనే ఫలితం కనిపిస్తుంది.

ఆ ఇస్త్రీ చొక్కా గురించి మీరు రాసిన మాటలను తేలికగా తీసుకోలేకపోయాను. దశాబ్దాలుగా గంట కొట్టే వేళకు లేచి వెళ్లిన మనిషికి గంట ఆగిపోయినా శరీరం మాత్రం సిద్ధమవుతూనే ఉంటుంది. ఆయనకు కావలసింది కాలక్షేపం కాదు. ‘హాయిగా టీవీ చూడండి, గుడికి వెళ్లండి’ అనే సలహాలు ఇప్పటికే అందరూ ఇచ్చి ఉంటారు. తాను వెళ్లకపోతే ఎవరో ఒకరు ‘మాస్టారు ఇవాళ రాలేదేం’ అని అడిగే పని కావాలి. ఊళ్లో పదో తరగతి పిల్లలకు సాయంత్రం లెక్కలు చెప్పడం కావచ్చు, పెన్షనర్ల సంఘంలో కాగితాలు రాయలేని తోటివారికి దరఖాస్తులు రాసిపెట్టడం కావచ్చు. ఏది అన్నది ఆయనే ఎంచుకోవాలి. మీరు వెళ్లి నలుగురు పిల్లలను పోగుచేసి ఇంటికి తెస్తే అది ఆయన పని కాదు, మీరు అప్పగించిన పని అవుతుంది.

మీ గురించి మీరు ఒక్క ముక్క కూడా రాయలేదు. ఆయన రిటైరయ్యారు గానీ మీకు రిటైర్మెంట్ రాలేదు. పైగా ఇన్నేళ్లూ పగటిపూట మీదిగా ఉన్న ఇల్లు కూడా ఇప్పుడు మీది కాకుండా పోయింది. పోపుల డబ్బా గొడవకు మూలం అదే. ఆయన మీద కోపంగా కాకుండా ఇంటి ఏర్పాటుగా చెప్పండి: పదింటి నుంచి పన్నెండింటి వరకు వంటిల్లు నాది, ఆ రెండు గంటలు మీరు బయట పని చూసుకోండి అని. చాలా ఇళ్లలో ఈ ఒక్క ఏర్పాటుతో సగం కోపతాపాలు తగ్గుతాయి.

ఇది జబ్బా అని అడిగారు. పెద్ద మార్పు తర్వాత కొన్ని నెలల చిరాకు, నిద్రలేమి సహజం, సర్దుకునే కొద్దీ తగ్గిపోతాయి. అయితే రోజులో ఎక్కువ భాగం దిగులు, దేని మీదా ఆసక్తి లేకపోవడం, ఆకలి మందగించడం, తెల్లవారుజామునే మెలకువ రావడం వంటివి రెండు వారాలకు మించి కలిసి కొనసాగితే దాన్ని డిప్రెషన్‌గా అనుమానించి మానసిక వైద్యులకు చూపించాలి. ‘నేనెవరికీ పనికిరాను’, ‘ఇంకెన్నాళ్లు బతకాలి’ లాంటి మాటలు వినిపిస్తే మాత్రం రెండు వారాలు ఆగనక్కరలేదు. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి. అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది భయపడతారు, అది నిజం కాదు. అడిగినందువల్ల మనిషి లోపలి బరువు కొంత దించుకుంటాడు.

ప్రశ్న: మానసిక సమస్యలకు ఫోన్‌లో సాయం చేసే టెలీమానస్‌కు ఫోన్ చేస్తే మన వివరాలు ఎవరికైనా తెలుస్తాయా? నేను పెళ్లి కావలసిన అమ్మాయిని.
– పాఠకురాలు, నిజామాబాద్

జవాబు: మీ ఇంటివారికి గానీ సంబంధం చూసేవారికి గానీ తెలియదు. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన ఈ సేవ ఉచితం. 14416కు రాత్రీ పగలూ ఎప్పుడైనా ఫోన్ చేసి తెలుగును ఎంచుకోవచ్చు. ముందు శిక్షణ పొందిన కౌన్సిలర్ మాట్లాడతారు, అవసరమనిపిస్తే మానసిక వైద్యులకు కలుపుతారు, లేదా దగ్గరలోని ఆసుపత్రి వివరాలు చెబుతారు. ఆసుపత్రికి వెళ్లినా అంతే: 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగి వివరాలను గోప్యంగా ఉంచమని నిర్దేశిస్తోంది, చట్టం చెప్పిన కొన్ని ప్రత్యేక సందర్భాల్లో తప్ప వాటిని బయటపెట్టకూడదు. ఫోన్ చేయవలసిన కారణం ఏమిటో మీరు రాయలేదు. అది ఏదైనా సరే, పెళ్లి అయ్యేదాకా దాచుకోవలసిన విషయంగా చూడకండి.

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, రెండు నెలల క్రితం పోయింది. ఇంట్లో చెప్పలేదు. రోజూ లాప్‌టాప్ బ్యాగు వేసుకుని బయలుదేరి అమీర్‌పేటలో ఒక స్టడీ హాల్‌లో పోటీ పరీక్షలకు చదివే కుర్రాళ్ల మధ్య సాయంత్రం దాకా కూర్చుంటున్నాను. మధ్యాహ్నం వాళ్లు ‘అన్నా, నువ్వు గ్రూప్స్‌కా, బ్యాంకుకా’ అని అడుగుతుంటే ఏదో ఒకటి చెబుతున్నాను. ఉద్యోగం తీసేసేటప్పుడు కంపెనీ ఇచ్చిన సెవరెన్స్ డబ్బును జీతంలాగా నెలనెలా ఇంట్లో ఇస్తున్నాను. ఇంటి లోన్ ఈఎంఐ ఉంది, నాలుగేళ్ల పాప ఉంది, ఖమ్మం దగ్గర ఊళ్లో అమ్మానాన్న ఉన్నారు. ఛాతీ పట్టేసినట్టు ఉంటోంది. రాత్రి మందు తాగకుండా నిద్ర రావడం లేదు.
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ఛాతీ పట్టేయడం ఆందోళన వల్లే కావచ్చు, కానీ ఆ మాట ఈసీజీ చూశాక డాక్టరు చెప్పాలి. ఈ వారంలోనే ఆ పని చేయండి. నొప్పి చేతికో దవడకో పాకినా, చెమటలు పట్టినా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి.

రెండో పని మీ భార్యకు చెప్పడం. ఉద్యోగం పోయినందువల్ల వచ్చిన ఒత్తిడి కంటే, దాన్ని రోజూ ఉదయం కొత్తగా దాచవలసి రావడం వల్ల వచ్చిన ఒత్తిడే మీ ఉత్తరంలో నాకు ఎక్కువగా కనిపించింది. అబద్ధాన్ని నిలబెట్టుకోవడానికే పగలంతా ఖర్చయిపోతే ఇంటర్వ్యూకు సిద్ధమయ్యే ఓపిక ఎక్కడి నుంచి వస్తుంది? పైగా సెవరెన్స్ డబ్బు అయిపోయే నెలలో ఆమెకు ఎలాగూ తెలుస్తుంది. అప్పుడు ఆమెను బాధించేది ఉద్యోగం పోవడం కాదు, ఇన్నాళ్లూ చెప్పకపోవడం.

రాత్రి తాగాక చెప్పకండి, పాప ఎదుట చెప్పకండి. పాప బడికి వెళ్లిన ఒక ఉదయం, ముందే ఒక కాగితం మీద చేతిలో ఉన్న డబ్బు, పీఎఫ్, నెలకు ఇంటి ఖర్చు, ఈఎంఐ, పాప ఫీజు, ఇవన్నీ కలిపి ఎన్ని నెలలు నడుస్తుందన్న లెక్క రాసుకుని కూర్చోండి. ‘నా ఉద్యోగం పోయింది, నీకు చెప్పడానికి భయపడ్డాను, ఇదీ మన లెక్క’ అన్న మూడు ముక్కలు చాలు. ఆమె ఏడవవచ్చు, కోప్పడవచ్చు. ఆ పూట సమర్థించుకోవడానికి ప్రయత్నించకండి. ఊళ్లో అమ్మానాన్నలకు అదే రోజు చెప్పవలసిన అవసరం లేదు. ఎప్పుడు, ఎలా అన్నది మీ ఇద్దరూ కలిసి నిర్ణయించుకోండి.

డబ్బు విషయంలో రెండు సంగతులు. ఈఎంఐ ఒక్కటి కూడా తప్పకముందే బ్యాంకుకు వెళ్లి, పరిస్థితి రాతపూర్వకంగా చెప్పి, గడువు పెంచి వాయిదా తగ్గించే వీలుందేమో అడగండి. తప్పాక అడిగేవారికి, తప్పకముందు అడిగేవారికి దొరికే జవాబులో తేడా ఉంటుంది. రెండోది ఆరోగ్య బీమా. కంపెనీ ఇచ్చిన గ్రూపు పాలసీ సాధారణంగా ఉద్యోగంతోపాటే ముగుస్తుంది. సొంత పాలసీ లేకపోతే, పాత బీమా సంస్థ దగ్గరే వ్యక్తిగత పాలసీగా మార్చుకునే వీలు ఇంకా ఉందేమో కనుక్కోండి, లేదంటే కొత్తది తీసుకోండి. మానసిక జబ్బుల చికిత్సకు కూడా శరీర జబ్బులతో సమానంగా బీమా కల్పించాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 21వ సెక్షన్ చెబుతోంది కాబట్టి పాలసీలో ఆ అంశం ఎలా రాసి ఉందో చదవండి.

స్టడీ హాల్‌కు వెళ్లడం మానవద్దు. దాచడానికి వెళ్లిన చోటికే ఇక బాహాటంగా వెళ్లండి. లేచే వేళ, బయలుదేరే వేళ, తిరిగి వచ్చే వేళ చెక్కుచెదరకుండా ఉండడం ఈ దశలో ఔషధంతో సమానం. ఉద్యోగ వేట మాత్రం రోజుకు నాలుగు గంటలకు మించనివ్వకండి. ఆ తర్వాత కూడా పోర్టల్ రిఫ్రెష్ చేస్తూ కూర్చోవడం వల్ల పని జరగదు, బెంగ మాత్రం పెరుగుతుంది.

మీకు ప్రత్యేకంగా పనికివచ్చే ఒక పరిశోధన ఉంది. 1994లో అమెరికాలో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, ఉద్యోగం పోయిన ఇంజినీర్లు, ఇతర నిపుణులు కొందరిని వరుసగా కొన్ని రోజులు, రోజుకు ఇరవై నిమిషాల చొప్పున, ఉద్యోగం పోవడం గురించి తమ మనసులో ఉన్నదంతా దాచుకోకుండా రాయమన్నారు. అలా రాసినవారికి, రాయనివారికంటే ముందుగా మళ్లీ ఉద్యోగాలు దొరికాయి. వీరు ఎక్కువ దరఖాస్తులు పెట్టినందువల్ల అలా జరగలేదని కూడా పరిశోధకులు గమనించారు. లోపలి కోపం కాగితం మీదికి దిగాక, ఇంటర్వ్యూలో పాత కంపెనీ ప్రస్తావన వచ్చినప్పుడు గొంతులో ఆ చేదు వినిపించకపోయి ఉండవచ్చు. అది చిన్న అధ్యయనమే, దాని మీద పెద్ద మేడలు కట్టకూడదు. కానీ ఒక నోటు పుస్తకం, ఇరవై నిమిషాలు తప్ప ఖర్చు లేని పని, చేసి చూడండి. రాసింది ఎవరికీ చూపించనక్కరలేదు, లింక్డ్‌ఇన్‌లో అసలే పెట్టవద్దు.

మందు మొదట నిద్ర పట్టిస్తుంది, తర్వాత అర్ధరాత్రి దాటాక అదే నిద్రను చెడగొడుతుంది, మరునాటి ఆందోళనను పెంచుతుంది. రోజూ తాగడం ఇటీవలే మొదలైతే తగ్గించుకోగలరు. ఉదయం చేతులు వణకడం, తాగకపోతే చెమటలు పట్టడం లాంటివి ఉంటే మాత్రం సొంతంగా ఆపకండి, వైద్యుల పర్యవేక్షణలోనే ఆపాలి. బాకీల భయం ఉన్న మనిషి చేతిలో మందు సీసా ఉండడం అదనపు ప్రమాదం. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆ రాత్రే 14416కు ఫోన్ చేయండి, ఇంట్లో ఒకరిని నిద్రలేపండి.

ప్రశ్న: పెళ్లయి ఎనిమిది నెలలైంది. గుంటూరులో ఇంజినీరింగ్ కాలేజీ లెక్చరర్‌గా చేసేదాన్ని, ఇప్పుడు టెక్సాస్‌లో మావారి ఉద్యోగ వీసాను బట్టి నాకు వచ్చిన హెచ్-4 వీసా మీద ఉన్నాను. మావారు మంచివారే. అయినా ఆయన ఆఫీసుకు వెళ్లగానే ఏడుపు వస్తుంది. అమ్మతో అర్ధరాత్రి దాకా వీడియో కాల్‌లో నవ్వుతూ మాట్లాడతాను. అదృష్టవంతురాలివి అని అందరూ అంటుంటే ఏం చెప్పాలో తెలియడం లేదు.
– పాఠకురాలు, అమెరికా

జవాబు: పైన చెప్పిన 1967 పట్టికలో ఉద్యోగం నుంచి తొలగింపుకు 47 మార్కులు, పెళ్లికి 50. మంచి మార్పు కూడా మనిషిని కుదుపుతుందని ఆ ఇద్దరు వైద్యులకు తెలుసు, మనవాళ్లకు చెబితే నమ్మరు. మీకైతే పెళ్లి, దేశం, ఉద్యోగం పోవడం మూడూ ఒకేసారి వచ్చాయి. మీరు కృతజ్ఞత లేని మనిషి కారు.

హెచ్-4 మీద ఉన్నవారు ఉద్యోగం చేయాలంటే, భర్తకు ఐ-140 (కంపెనీ ఆయన తరఫున పెట్టే గ్రీన్‌కార్డు దరఖాస్తు) ఆమోదం వంటి గ్రీన్‌కార్డు దశ దాటాక విడిగా పని అనుమతి తెచ్చుకోవాలి. 2015 నుంచి ఉన్న పద్ధతి ఇది. అంటే ఈ ఖాళీ మీ చేతకానితనం వల్ల వచ్చింది కాదు, చట్టం వల్ల వచ్చింది. అయితే అదే వీసా మీద చదువుకోవచ్చు. దగ్గరలోని కమ్యూనిటీ కాలేజీలో ఒక కోర్సు, ఊరి పబ్లిక్ లైబ్రరీలో కార్డు, అక్కడ జరిగే తరగతులు, ఇవి వారంలో ఫలానా రోజు ఫలానా చోటికి వెళ్లాలన్న కట్టుబాటు ఇస్తాయి.

అమ్మతో మాట్లాడే వేళ మార్చుకోండి. టెక్సాస్ సమయం మనకంటే పదకొండు గంటలు, అటూ ఇటుగా, వెనుక ఉంటుంది కాబట్టి మీ ఉదయం కాఫీ వేళ ఆవిడకు భోజనాలు ముగిసే వేళే. అర్ధరాత్రి దాకా మేలుకోనక్కరలేదు. వారంలో ఒక్కసారైనా నవ్వు నటించకుండా ‘అమ్మా, ఇవాళ బాగాలేదు’ అని చెప్పండి. ఆవిడ కంగారు పడతారు, మళ్లీ తేరుకుంటారు. ఏడుపు తగ్గకుండా తిండీ నిద్రా కూడా చెడుతుంటే అక్కడి ఫ్యామిలీ డాక్టరుకు చెప్పండి. అత్యవసరమైతే అమెరికాలోని ఆత్మహత్యల నివారణ హెల్ప్‌లైన్ 988కు ఫోన్ చేయవచ్చు, దుబాసీ సాయంతో ఇంగ్లీషు కాని భాషల్లోనూ మాట్లాడే వీలుంది.

ఈ జవాబును మీవారికి చూపించండి. ఆయన చేయవలసిన పని ఒకటి ఉంది. టెక్సాస్‌లో కారు నడపడం రాని మనిషికి లైబ్రరీ రెండు మైళ్ల దూరంలో ఉన్నా లేనట్టే. లెర్నర్ పర్మిట్ తెచ్చుకోవడానికి మీకు సాయపడి, శని, ఆదివారాల్లో ఖాళీ పార్కింగ్ స్థలంలో గంటేసి చొప్పున ఆయనే దగ్గరుండి నేర్పాలి. ఆయనకు ఓపిక లేకపోతే డ్రైవింగ్ స్కూలుకు డబ్బు కట్టాలి. లైసెన్సు చేతికి వచ్చేదాకా వారానికి రెండు సాయంత్రాలు మీరు వెళ్లాలనుకున్న చోటికి ఆయన తీసుకువెళ్లాలి, దారిలో ఆఫీసు ఫోన్లు మాట్లాడకుండా.